బొత్తాం పథ్యం

ఎదురింటి టైలరమ్మ ఇస్త్రీ ఆయనతో అన్నదట. ఇస్త్రీ ఆయన బట్టల మూటతో పాటు ఆ మాటనీ మోసుకొచ్చి మా అత్తగారి ముందు దించాడు.

"నర్సరీ వాళ్ళ కోడలు డాబా మీద కలుపు పెంచుతోందట. పూలమొక్కలకి పోసినట్టు పొద్దునా సాయంత్రం నీళ్ళు పోస్తోందట. చదువు ఎక్కువైతే ఇంతే, ముసలాయన నలభై ఏళ్ళ పరువుని తీసుకెళ్ళి డాబా మీద ఆరేసింది అంటోందమ్మా. నేనన్నది కాదు, ఆవిడన్నది."

మా అత్తగారు మూట విప్పి చూసుకుని, "దిండు గలీబు ఒకటి రాలేదు" అన్నారు. అతను వెళ్ళాక నా వైపు తిరిగారు. "విన్నావుగా."

విన్నాను. అందులో ఒక్క ముక్క అబద్ధం లేదు. వచ్చిన చిక్కల్లా అదే.

మాది మొక్కలమ్ముకుని బతికే ఇల్లు. ఇంటి వెనకే నర్సరీ. నల్ల సంచుల్లో వరసగా మొక్కలు, వాటి మీద పచ్చ వల, మధ్యలో నీళ్ళ డ్రమ్ములు. మా ఇంట్లో కలుపంటే దొంగ కింద లెక్క, కనపడిన చోటే మెడ పట్టుకోవాలి. మా అత్తగారి వేళ్ళకైతే ఇల్లూ పొరుగూ తేడా లేదు. ఎవరినో పలకరించడానికి ఆస్పత్రికి వెళ్ళి, వరండాలో కుండీ పక్కన కూర్చుని, లేచేసరికి కుండీలో గడ్డి పరక లేకుండా చేసి వచ్చిన మనిషి. అటువంటి ఇంట్లో నేను కలుపు పెంచానంటే దానికి కారణం అరచేతిలో సగం కూడా లేని ఒక తాబేలు.

మా వెనక గదిలో అద్దెకుండే లెక్కల టీచరు, వేసవి మొదట్లో బదిలీ అయి వెళ్తూ, దాన్ని చెప్పుల అట్టపెట్టెలో పెట్టి మా మామగారికి ఇచ్చి వెళ్ళింది. మొక్కల బండి తోలుకుని అప్పుడే ఇంటికొచ్చిన మా ఆయన పెట్టెలోకి తొంగి చూసి, "కోటుకి కుట్టుకోవచ్చు" అన్నాడు. అంతే, దాని పేరు బొత్తాం అయిపోయింది.

మా మామగారికి అప్పటికి రెండు నెలల కిందటే గుండె మొరాయించింది. ఉప్పు వద్దు, తీపి వద్దు, రోజూ నడవాలి అని చెప్పి ఇంటికి పంపారు. ఉప్పూ తీపీ నా చేతిలో పని కాబట్టి మాన్పించాను. నడక మాత్రం ఆయన బదులు నేను నడవలేను కదా. ఆయన వసారాలో కుర్చీ వేసుకుని కూర్చునేవారు. ఎప్పుడూ మట్టిలో ఉండే చేతులు ఊరికే ఒళ్ళో పడి ఉండేవి. ఆ చేతులకి బొత్తాం దొరికింది. పొద్దున్నే దానికి తినిపించడంతో మొదలుపెడితే సాయంత్రం దాకా అదే పని.

నెల తిరక్కుండానే బొత్తాం నడక మందగించింది. వెనక కాళ్ళు ఈడ్చడం మొదలుపెట్టింది. పశువుల డాక్టరమ్మ దగ్గరికి మామగారూ నేనూ అదే అట్టపెట్టెలో తీసుకెళ్ళాం.

"ఏం పెడుతున్నారు?" అని అడిగింది డాక్టరమ్మ.

"ఏ లోటూ చెయ్యలేదమ్మా" అన్నారు మామగారు ఠీవిగా. "పొద్దున పాలల్లో నానేసిన బ్రెడ్డు. మధ్యాహ్నం అరటిపండు, లేకపోతే బొప్పాయి. రోజు విడిచి రోజు ఉడకబెట్టిన గుడ్డు. మా ఇంట్లో నాకు పెట్టనివన్నీ దీనికి పెడుతున్నాం." చివరి మాట నా వైపు చూసి అన్నారు.

డాక్టరమ్మ బొటనవేలితో డిప్ప మీద మెల్లిగా నొక్కింది. డిప్ప తడిసిన అట్టలా లోపలికి పోయి, మళ్ళీ పైకి లేచింది.

"ఈ వయసుకి గోరంత గట్టిగా ఉండాలి ఇది. డిప్ప అంటే గొడుగు కాదు పెద్దాయనా, దాని ఎముకలే. మీరు దానికి చుట్టానికి చేసినట్టు మర్యాదలు చేస్తున్నారు. ఇది గడ్డి తినే జీవి."

"గడ్డా?"

"గడ్డి, కలుపు ఆకులు. ఎన్ని రకాలైతే అంత మంచిది. మందు కొట్టనివి. పళ్ళు వద్దు, బ్రెడ్డూ పాలూ గుడ్డూ అసలే వద్దు. పాలకూర కూడా వద్దు, అది ఒంటికి పట్టే కాల్షియాన్ని కూడా పట్టనివ్వదు. పిట్టల పంజరాల్లో తెల్లటి ముక్క వేలాడదీస్తారు చూడండి, సముద్రపు నురుగు, అది గీరి ఆకుల మీద చల్లండి. పొద్దుటి ఎండ, కాసేపు గోరువెచ్చటి నీళ్ళు. వానలు పడే లోపల గట్టిపడాలి. మబ్బులు కమ్మాక ఎండ దొరకదు, అప్పటికీ ఇలాగే ఉంటే ఇక నిలవదు."

దారిలో మామగారు ఒక్కటే మాట అన్నారు. "దానికీ పథ్యమే."

"దానికీ పథ్యమే మామయ్యా" అన్నాను. "నేనున్నాను కదా, చూసుకుంటాను."

"అదే నా భయం" అన్నారు.

కలుపు తేవడం ఎంత సేపు అనుకున్నాను. ఏళ్ళ తరబడి మా మీద పగబట్టినట్టు పెరిగిన కలుపు, కావలసి వచ్చేసరికి గుప్పెడు దొరకలేదు. నర్సరీలో ప్రతి అంగుళానికీ మందు పడింది. రోడ్డు పక్కన పడింది, కాలువ గట్టున పడింది. చివరికి సెలవులకి మూసేసిన బడి వాచ్‌మన్‌ని బతిమాలి, ఆవరణలో గోడ వారన గరిక, గడ్డి చామంతి, గలిజేరు కోసుకొచ్చాను. డిగ్రీలో వృక్షశాస్త్రం చదివినదాన్ని. ఏ ఆకు ఏమిటో పాత పుస్తకం తీసి పోల్చి చూసుకుని మరీ కోశాను.

బొత్తాం వాటి మీద నుంచి నడిచి వెళ్ళిపోయింది.

మర్నాడూ అంతే. మూడో రోజు ఆకుల మీద ఎక్కి నిద్రపోయింది. విత్తనాలు తూచే చిన్న కాటా మీద పెట్టి చూస్తే, తొంభై రెండు గ్రాములున్నది ఎనభై ఎనిమిదికి దిగింది.

"చంపెయ్" అన్నారు మామగారు కుర్చీలోంచి. "దాన్ని ఆకులతో, నన్ను చప్పిడి కూరలతో. ఒకే ఖర్చు."

"ఇంట్లో ఇద్దరు రోగులు, ఒక పోలీసు" అన్నాడు మా ఆయన చెయ్యి కడుక్కుంటూ. "నేను రేపట్నుంచి బయటే తింటాను."

నేను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. డాక్టరమ్మని మళ్ళీ అడిగి వచ్చాను. ఆకుల్ని ఆవగింజంత సన్నగా తరిగి, వాటి మీద దోసకాయ రసం రాసి పెట్టాను. నాలుగో రోజు బొత్తాం మెడ చాపి వాసన చూసింది. ఐదో రోజు ఒక్క కొరుకు కొరికింది. ఆ రోజు నుంచి దోసకాయ రసం రోజుకింత తగ్గిస్తూ వచ్చాను. పదో రోజుకి తొంభై నాలుగు గ్రాములు తూగింది. నాలో నేనే భుజం తట్టుకున్నాను.

రెండో వారం మధ్యలో అనుమానం వచ్చింది. ఆకులు పెట్టినవి పెట్టినట్టే ఎండిపోతున్నాయి. బరువు మాత్రం నూటికి చేరింది. గాలి తిని ఎవరూ లావెక్కరు. దాని మూతి పక్కన తెల్లటి పీచు ఒకటి అంటుకుని ఉంది. వేలితో తీసి వాసన చూశాను. అరటిపండు.

మధ్యాహ్నం అందరూ నడుం వాల్చే వేళ, వసారా పక్కనే మొక్కల సంచులు పెట్టుకునే కొట్టు గదిలోకి వెళ్ళి తలుపు వెనక నిలబడ్డాను. ఎంతోసేపు అక్కర్లేకపోయింది. మామగారు చొక్కా జేబులోంచి అరటిపండు తీశారు. ఒలిచారు. సగం విరిచి తన నోట్లో వేసుకుని, మిగతా సగంలోంచి చిటికెడు చిటికెడు గిల్లి బొత్తాం ముందు పెడుతూ, "తిను. అది వచ్చేలోపు తిను" అంటున్నారు.

కూసే గాడిద వచ్చి మేసే గాడిదను చెడగొట్టిందని సామెత. ఇక్కడ కూసేదీ మేసేదీ ఒకే పండు పంచుకుంటున్నాయి.

నేను వెళ్ళి ఎదురుగా కూర్చున్నాను. ఆయన పండు దాచలేదు. "ఏం? నేను దాని నోరు కొట్టి బతకాలా?" అన్నారు.

కేకలేద్దామనే వెళ్ళాను. కానీ ఆయన చేతులు చూశాక మాట మారింది. ఆ బొటనవేలు మా చుట్టుపక్కల ఎంత పేరున్నదో మీకు తెలియదు. అంటుకట్టిన కొమ్మ పట్టిందో లేదో నొక్కి చెప్పేది. సంచిలో వేరు కుళ్ళితే పైనుంచి నొక్కి పట్టుకునేది.

బొత్తాంని తీసి ఆయన అరచేతిలో పెట్టాను. "నొక్కండి మామయ్యా."

"వద్దు."

"డాక్టరమ్మ నొక్కినప్పుడు చూశారు. మీరు నొక్కలేదు. నొక్కండి."

ఆయన బొటనవేలు డిప్ప మీద ఆనించారు. కొంచెం వత్తారు. వేలి కింద అది దిగింది. ఆయన నిప్పు తగిలినట్టు వేలు వెనక్కి తీసుకున్నారు. తర్వాత మిగిలిన పండు ముక్కని తీసుకెళ్ళి గోడ మీద పెట్టారు. కాకి వచ్చి ఎత్తుకుపోయింది. ఆ రాత్రి భోజనానికి కూర్చున్నప్పుడు, కూరలో ఉప్పు లేదన్న మాట ఆయన నోట రాలేదు.

అంతలో ఇంకో దెబ్బ. బడి తెరిచేముందు ఆవరణ బాగుచేయిస్తూ మొత్తం గీకి పారేశారు. నాకు ముందే భయం ఉండబట్టి, నారు పోసుకునే ట్రేలు పన్నెండు డాబా మీదికి చేర్చి, పాత మట్టి నింపి, బడి గోడ వారన రాల్చుకొచ్చిన విత్తనాలు చల్లి ఉంచాను. చల్లిన నాలుగు వారాలకి ట్రేలు పచ్చగా కమ్ముకున్నాయి. నా పెళ్ళిలో కూడా నేనంత మురిసిపోలేదు. బొత్తాం పొద్దునా సాయంత్రం ఆకులు కరకర కొరికేది. డిప్ప అంచులు గట్టిపడ్డాయి. నడుమ మాత్రం ఇంకా లొంగుతూనే ఉంది.

ఇస్త్రీ ఆయన ఆ మాట మోసుకొచ్చింది సరిగ్గా అప్పుడే.

"విన్నావుగా" అన్నాక మా అత్తగారు తడి బట్టల బకెట్టు చేత్తో పట్టుకున్నారు. "దాని సంగతి నేను చూస్తాను. మన ఇంటి మాట మనం అనుకోవాలి గానీ అదెవరు అనడానికి?" అంటూ డాబా మెట్లెక్కారు. కలుపు పెంచడం ఆవిడకీ మొదటి నుంచి గిట్టదు. అయినా పొరుగావిడ అన్నదనేసరికి పౌరుషం వచ్చింది.

కింద నేను బొత్తాంని నీళ్ళలో పెట్టి కూర్చుని, పైన జరిగేదంతా వింటున్నాను. టైలరమ్మ వాళ్ళ డాబాకీ మా డాబాకీ మధ్య సన్నటి సందే.

"ఏం టైలరమ్మా, మా కోడలికి మతి పోయిందన్నావట?"

"అయ్యో వదినా, నేనెందుకంటాను? నర్సరీ వాళ్ళింట్లో కలుపేమిటా అన్నాను, అంతే."

"అది కలుపు కాదు, మందు. ప్రాణం నిలబెట్టే మందు. ఎండలో పడి ఊరంతా తిరిగి ఏరుకొచ్చింది పిల్ల. రోజూ సన్నగా తరిగి పెడుతుంది. నీ ఇంట్లో ఎవరైనా ఒక జీవాన్ని అలా చూసుకున్నారా?"

ఆవిడ నన్ను వెనకేసుకుని రావడం అదే మొదటిసారి. లోపల ఎంత హాయిగా ఉందో చెప్పలేను. పైన అరగంట సేపు వాదన సాగింది. వాదన మెల్లిగా కబుర్లలోకి దిగింది. కబుర్లు కుట్టుకూలి దగ్గర్నుంచి మోకాళ్ళ నొప్పుల దాకా వెళ్ళాయి. ఆ తర్వాత అత్తగారి గొంతు, చిన్నగా: "అమ్మాయ్. ఒకసారి పైకి రా."

వెళ్ళాను. పన్నెండు ట్రేలూ నున్నగా ఉన్నాయి. గరిక పోచ కూడా లేదు. అత్తగారి కాళ్ళ దగ్గర కలుపు కుప్ప, నేర్పుగా, వేళ్ళన్నీ ఒకవైపు, ఆకులన్నీ ఒకవైపు. ఆవిడ తన చేతుల్ని ఎవరివో అన్నట్టు చూసుకుంటున్నారు.

"మాటల్లో పడ్డాను" అన్నారు. "నేను చూసుకోలేదే. చేతులు చూసుకోలేదు."

టైలరమ్మ అవతలి డాబా మీద నోరు తెరిచి నిలబడి ఉంది.

నాకు ఏడుపు రాలేదు, కోపం రాలేదు. వానలకి ఇంక మూడు వారాలే ఉంది అన్న లెక్క ఒక్కటే తలలో తిరిగింది. కుప్ప ఎత్తి కిందికి తెచ్చాను. మామగారు కుర్చీలోంచి చూశారు. లేచి వచ్చి కింద చతికిలబడి కూర్చున్నారు. ఆస్పత్రి నుంచి వచ్చాక ఆయన నేల మీద కూర్చోవడం అదే మొదలు.

"ఇది వేరు తెగింది, ఈ పూట తరిగి పెట్టెయ్. ఇది బతుకుతుంది, తడి గోనెలో చుట్టి నీడన పెట్టి, సాయంత్రం నాటు. ఇదీ బతుకుతుంది. ఇదెందుకు పెంచావు?"

"పులిచింత. తినదా?"

"పుల్లటిది ఏదైనా ఎక్కువ పెట్టకూడదు. నీ పుస్తకంలో పేరుంటుంది గానీ రుచి ఉండదు కదా."

వేరుతో ఉన్నవి నాలుగు ట్రేలకి సరిపోయాయి. మళ్ళీ అల్లుకోవడానికి రెండు వారాలైనా పడుతుంది. అంతవరకు ఏం పెట్టను?

"మందు కొట్టని చోటు ఎక్కడైనా ఉంటుందేమోనని ఊరంతా వెతికాను మామయ్యా" అన్నాను. "వాచ్‌మన్‌ని అడిగాను, పార్కు మాలీని అడిగాను. పాలవాడిని కూడా అడిగాను."

"నన్నడిగావా?"

నేను తలెత్తాను.

"ఈ చుట్టుపక్కల బడికీ, రోడ్డుకీ, కాలువ గట్టుకీ ఇరవై ఏళ్ళు మందు కొట్టింది ఎవరు? నేను. ఎక్కడ కొట్టలేదో నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? అందరినీ అడిగింది చదువుకున్న కోడలు. ఇంట్లో కూర్చున్న ముసలాడికి చప్పిడి కూర పెట్టడం తప్ప ఒక్క మాట అడగలేదు."

నేను గోనె తడిపి, ఆయన బతుకుతాయన్న మొక్కలన్నీ అందులో చుట్టాను.

మర్నాడు తెల్లవారగానే ఆయన చెప్పులేసుకుని గేటు దగ్గర నిలబడ్డారు. చేతిలో సంచి. మూతబడిన మిల్లు వెనక గోడ దాకా నడిచాం. ఆయన మూడు చోట్ల ఆగి ఊపిరి పీల్చుకున్నారు. నేను కూడా ఏదో చెప్పులో రాయి దూరినట్టు ఆగాను. గోడ వెనక మోకాలెత్తున కలుపు, ఒక్క ఆకు వాడిపోకుండా. ఆయన ఒక్కొక్కటీ పీకకుండా, పై ఆకులు మాత్రం గిల్లి సంచిలో వేశారు. "పీకితే రేపు ఉండదు" అన్నారు. నలభై ఏళ్ళు పీకిన మనిషి.

అప్పటి నుంచి రోజూ వెళ్ళాం. రెండో వారానికి దారిలో ఒక్క చోటే ఆగారు. వాన పడేముందు వారం అసలు ఆగలేదు. నడక మంచిదని డాక్టర్లు చెప్పారన్న సంగతి నేనూ ఎత్తలేదు, ఆయనా ఎత్తలేదు. అత్తగారు డాబా మీదికి వెళ్ళేటప్పుడు చేతులకి పాత సాక్సులు తొడుక్కోవడం మొదలుపెట్టారు. బట్టలు ఆరేసి, ట్రేల వైపు కన్నెత్తి చూడకుండా దిగేవారు.

ఈలోగా మాటలు ఊరికే ఉండవు కదా. నర్సరీ ఆయన మిల్లు వెనక గడ్డి గిల్లుకుంటున్నాడట, వ్యాపారం దెబ్బతిన్నదట అని ఇస్త్రీ ఆయన ఇంకో మూట దించాడు. "అవును, ఆ మిల్లు వెనకే" అన్నారు మామగారు. "నీకు కావాలంటే చూపిస్తా."

మొదటి వాన పడిన మర్నాడు డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం. ఆవిడ బొటనవేలు పెట్టబోతుంటే, "ఉండమ్మా" అని మామగారు ముందు తనే నొక్కారు. అంచుల్లో నొక్కారు. నడుమ నొక్కారు. తర్వాత ఆవిడకి ఇచ్చారు.

"గట్టిపడింది" అంది డాక్టరమ్మ. "ఇప్పటికే పడ్డ ఈ సొట్ట మాత్రం పోదు. ఇలాగే పెరుగుతుంది. ఇదే తిండి పెట్టండి, ఎప్పటికీ. నెలా రెండు నెలలు కాదు."

"ఎప్పటికీ అంటే?"

"బాగా చూసుకుంటే మీ మనవళ్ళ కాలం దాకా బతుకుతుంది."

ఆ సాయంత్రం వాన జోరుగా పడుతోంది. వసారాలో మామగారు బొత్తాం ముందు ఆకులు తరిగి పెట్టి, వాటి మీద తెల్లటి పొడి చల్లుతున్నారు. పక్కనే ఆయన భోజనం పళ్ళెం, చప్పిడి కూరతో. టైలరమ్మ గొడుగు ముడుచుకుని మెట్లెక్కింది. చేతిలో బిస్కెట్ల పొట్లం. తప్పు చేసినట్టు అనిపించింది కాబోలు పాపం, ఏదో ఒకటి తేవాలని తెచ్చింది.

"ఎంత ముద్దుగా ఉందో" అంటూ బొత్తాం పక్కన కూర్చుంది. "అన్నయ్యా, అంతా బాగానే ఉంది గానీ నాకొకటి అర్థం కాదు. ఇది డెబ్భై, ఎనభై ఏళ్ళు బతుకుతుందంటున్నారు. మీరుంటారా, వదినుంటుందా? మిమ్మల్ని అనడం కాదు, ఉన్న మాటే. మీరు పోయాక ఈ గడ్డి గిల్లుకొచ్చి తరిగి పెట్టేదెవరు చెప్పండి? ఈ నాలుగు రోజుల ముచ్చటకి ఇంత పట్టుదల దేనికి?" అంటూ ఒక బిస్కెట్టు విరిచి, ముక్కని బొత్తాం మూతి దగ్గరికి చాపింది.

అత్తగారు నా వైపు చూశారు. నేను మామగారి వైపు చూశాను. ఆయన తల కూడా ఎత్తలేదు.

"నేను పోయాక ఎవరు పెడతారో, నేను పోయాక చూసుకుంటారు. నేనున్నంత కాలం ఆ బిస్కెట్టు దాని నోటికి అందదు. తియ్యి చెయ్యి."